ఒకే చోట ఇరవై ఏళ్లు, మూడేళ్లలో మూడు కంపెనీలు: పని మీద తండ్రీకొడుకుల తగాదా ఎక్కడిది?

పండక్కి ఇల్లంతా ఒకచోట చేరినప్పుడు, షీర్‌ఖుర్మా గిన్నెలు ఇంకా దస్తర్‌ఖాన్ మీద ఉండగానే, చాలా ఇళ్లల్లో ఈ మాట మొదలవుతుంది. "మళ్లీ కంపెనీ మారావా? ఒకచోట కాలు నిలవదా నీకు?" అని అబ్బా అడుగుతాడు. "అక్కడే ఉంటే జీతం పెరగదు అబ్బా" అని కొడుకు. "మేం జీతం పెరుగుతుందనే పనిచేశామా?" అని మళ్లీ అబ్బా. అక్కడితో ఆగితే బాగుండు, ఆగదు. పిల్లల్లో సబర్ లేదని పెద్దవాళ్లు, పెద్దవాళ్లకి ఇవాళ్టి లోకం తెలీదని పిల్లలు. చివరికి అమ్మీ లేచి గిన్నెలు తీస్తే గానీ మాట మారదు.

దీన్ని గుణాల తేడాగా చూస్తే ఎటూ తేలదు. ఒక్కో తరం ఏ షరతుల కింద పనిచేసిందో చూస్తే కొంత అర్థమవుతుంది. నిలకడగా ఉన్నవాడికి ఫలం దక్కిన రోజుల్లో నిలకడ గొప్ప గుణమైంది. ఉన్నచోటే ఉన్నవాడు నష్టపోయే రోజుల్లో కదలడం తెలివైంది. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ తమ కాలానికి సరిపోయే పాఠమే నేర్చుకున్నారు. ఒకరి పాఠాన్ని ఇంకొకరి కాలానికి కొలతగా పెట్టినప్పుడే గొడవ.

ఉస్తాద్ దుకాణంలో

తాతల తరంలో తెలుగు ముస్లిం కుటుంబాల్లో చాలామందికి బతుకుతెరువు చేతిపనే. దర్జీలు, మెకానిక్‌లు, వెల్డర్లు, ఊరూరా దూది ఏకి పరుపులు కుట్టిన నూర్‌బాషాలు, చార్మినార్ పక్కన లాడ్ బజార్లో లక్క గాజులు చేసేవాళ్లు, జర్దోజీ చట్రం ముందు కూర్చునేవాళ్లు. పిల్లాణ్ణి తీసుకెళ్లి ఉస్తాద్ దగ్గర వదిలేస్తే మొదట్లో జీతం మాటే ఉండేది కాదు. దుకాణం ఊడ్చాలి, చాయ్ తేవాలి, పానాలు అందించాలి. పండక్కి ఒక జత బట్టలు, చేతిలో కొంత జేబుఖర్చు. ఉస్తాద్ ఏదీ కూర్చోబెట్టి చెప్పేవాడు కాదు, చూసి పట్టుకోవాలి.

మరి ఇన్నేళ్ల విధేయతకు ఏం దక్కేది? చెయ్యి తిరిగాక ఉస్తాదే ఓ పాత కుట్టు మిషను ఇప్పించడం, తన దగ్గరికి వచ్చిన గిరాకీలో కొంత అటు పంపడం, పెళ్లి సంబంధం చూసేటప్పుడు "కుర్రాడు మంచోడు" అని ఒక మాట చెప్పడం. ఫలానా ఉస్తాద్ షాగిర్ద్ అంటే బజారులో అదే సర్టిఫికెట్. మధ్యలో వదిలి వెళ్లిపోయినవాడికి పనీ రాదు, పేరూ రాదు. అందుకే ఆ తరానికి "టికి ఉండడం" పెద్ద సుగుణం.

ఇదంతా తలుచుకుని మురిసిపోవాల్సిందీ లేదు. అదే దుకాణంలో దెబ్బలు తిన్న పిల్లలున్నారు, పని నేర్పుతున్నామన్న పేరుతో ఏళ్లకేళ్లు ఉత్తినే చాకిరీ చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. బడి అయిపోయాక సొంత కుటుంబం నడిపే పనిలో చేయి వేయడం వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. కాబట్టి "మేం పదేళ్లకే పనిలోకి దిగాం" అన్న మాట ఇవాళ గొప్పగా చెప్పుకునేది కాదు.

కఫీల్ కింద సబర్

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, భవనాల పని ఊపందుకుంది. ఆ తర్వాతి ఏళ్లలో హైదరాబాద్ పాతబస్తీ, నిజామాబాద్, కరీంనగర్, కడప నుంచి వేలమంది బయల్దేరారు. దుకాణంలో చెయ్యి తిరిగిన వెల్డరు, డ్రైవరు, దర్జీ అందరూ అందులో ఉన్నారు. ఇవాళ ఇంట్లో "ఒకచోట ఉండు" అని చెబుతున్న అబ్బా ఎక్కువగా ఆ తరంవాడే.

ఆయన పనిచేసిన పద్ధతి పేరు కఫాలా. వీసా, ఇఖామా రెండూ కఫీల్ పేరుతో ముడిపడి ఉంటాయి. కఫీల్ ఒప్పుకోకుండా వేరే చోట చేరడం కుదరదు. సౌదీ, ఖతర్ లాంటి చోట్ల ఆయన సంతకం లేకుండా ఇంటికి రావడం కూడా కుదిరేది కాదు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం తప్పని చట్టాలున్నా, చాలాచోట్ల అది కఫీల్ బీరువాలోనే ఉండేది. దీనికి తోడు ఏజెంటుకి కట్టడానికి ఊళ్లో చేసిన అప్పు. అలాంటి చోట కోపం తెచ్చుకున్నవాడు మొదట నష్టపోయేది తనే. ఓర్చుకున్నవాడికి అప్పు తీరింది, చెల్లెలి నికా జరిగింది, ఇంటికి స్లాబు పడింది.

ఓర్చుకోవడానికి చట్టం కూడా ఒక లెక్క పెట్టింది. సౌదీ కార్మిక చట్టంలో సర్వీసు డబ్బు మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ప్రతి ఏడాదికి పూర్తి నెల జీతం. తనంతట తాను రాజీనామా చేస్తే రెండేళ్లలోపు ఏమీ రాదు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య మూడో వంతు, ఐదు నుంచి పదేళ్ల మధ్య మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితేనే మొత్తం. ఈ లెక్క నోటికొచ్చిన మనిషి కొడుకుతో "పదేళ్లు ఉండరా" అనకుండా ఇంకేం అంటాడు?

ఇంకొక సంగతి పిల్లలు సాధారణంగా గమనించరు. గల్ఫ్‌లో ఒకే పనికి చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు ఉందన్నదాన్ని బట్టి జీతం మారడం అబ్బా కళ్లారా చూశాడు. అన్యాయమని తెలుసు. కానీ అక్కడ అడిగే నోరు లేదు. అందుకని పనిలో గౌరవం వెతకడం మానేసి, ఇంటికి పంపిన డబ్బులో వెతుక్కున్నాడు. పని ఎలా ఉందన్నది ఆయనకు ప్రశ్నే కాదు. ఇంటికి ఎంత చేరిందన్నదే లెక్క. కొడుకు వచ్చి "అక్కడ వాతావరణం నచ్చలేదు, మానేశా" అంటే ఆయనకు అది మరేదో భాషలా వినిపిస్తుంది.

అబ్బా చూసిన గల్ఫ్ ఇప్పుడు అలాగే లేదు. ఖతర్ 2020లో ఉద్యోగం మారడానికి యజమాని ఎన్ఓసీ అక్కర్లేదని చట్టం మార్చింది. సౌదీ 2021 మార్చి నుంచి, ఒక ఏడాది పూర్తయిన ప్రైవేటు రంగం ఉద్యోగి నోటీసు వగైరా నిబంధనలు పాటించి యజమాని అనుమతి లేకుండానే మారే వీలిచ్చింది. ఆ బదిలీలు ఖివా అనే ఆన్‌లైన్ వేదిక మీద జరుగుతాయి. అయితే ఇంటి డ్రైవర్లు, ఇంటిపనివాళ్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు, పొలం పనివాళ్లను ఆ సంస్కరణలో చేర్చలేదు. కంపెనీ వీసా మీద వెళ్లే ఇంజనీరుకి అబ్బా సలహా పాతబడింది. హౌస్ డ్రైవర్ వీసా మీద వెళ్లే తమ్ముడికి మాత్రం ఇంకా పాతబడలేదు. రియాద్ వెళ్తున్నానని చెప్పే పిల్లాణ్ణి మొదట అడగాల్సింది వీసా మీద ఏ పని రాసి ఉందో.

కొడుకు చూసింది వేరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్, ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఎన్నో ముస్లిం ఇళ్లల్లో మొదటి ఇంజనీరు, మొదటి ఫార్మసిస్టు తయారయ్యారు. గల్ఫ్ డబ్బు కూడా ఆ చదువులోకే వెళ్లింది. ఆ పిల్లలు గచ్చిబౌలి, బెంగళూరు ఆఫీసుల్లో అడుగుపెట్టి నేర్చుకున్న మొదటి పాఠం: ఉన్నచోటే ఉంటే ఏటా కాస్తంత పెంపు, కంపెనీ మారితే ఒకేసారి పెద్ద పెంపు. ఎక్కువ ఏళ్లు చేసినవాడి కన్నా నిన్న బయటి నుంచి వచ్చినవాడికి ఎక్కువ జీతం ఉండడం చూశారు. 2022 చివర, 2023లో పెద్ద పెద్ద టెక్ కంపెనీలు వేలమందిని ఒక్క ఈమెయిల్‌తో తీసేయడం కూడా చూశారు. పదిహేనేళ్లుగా ఉన్నవాళ్లకీ అదే ఈమెయిల్. కంపెనీకి లేని వఫాదారీ తమకెందుకని వాళ్లు అడిగితే అది పొగరు కాదు, లెక్క.

అలాగని వాళ్ల లెక్క ఎప్పుడూ సరిగ్గా ఉంటుందనీ కాదు. 1972 గ్రాట్యుటీ చట్టం ఐదేళ్లు వరుసగా పనిచేసినవాడికి ఏడాదికి 15 రోజుల జీతం ఇచ్చింది. నాలుగేళ్లకు మారినవాడు ఆ డబ్బు వదులుకున్నట్టే. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్ నిర్ణీత కాలపు ఒప్పందం మీద చేరినవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఇచ్చింది. చట్టం కూడా మెల్లగా పిల్లల వైపు జరుగుతోందన్నమాట. కానీ అందరికీ కాదు, ఆఫర్ లెటర్లో ఏం రాశారో చదవాలి.

అమెరికా వెళ్లినవాళ్ల అనుభవం ఇంకో రకం. ఇక్కడ 'సార్' అనకుండా నోరు తెరవని కుర్రాడు అక్కడ మేనేజర్ని పేరుపెట్టి పిలవాలి. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగులపై జరిగిన సర్వేల్ని విశ్లేషించి, పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య ఎంత దూరం సహజమనుకుంటారన్నది దేశాన్ని బట్టి మారుతుందని చూపించాడు. ఆ దూరం అమెరికాలో కంటే ఇండియాలో బాగా ఎక్కువ. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చెబుతుంటే నోరు మెదపకపోవడం అదబ్. అక్కడి మీటింగులో నోరు మెదపకపోతే చెప్పడానికేమీ లేదనుకుంటారు. కాదని చెప్పలేక "అయిపోతుంది" అని, తీరా గడువు రోజున కాలేదంటే, దాన్ని మర్యాద అనుకోరు, అబద్ధం అనుకుంటారు.

కానీ అంత స్వేచ్ఛగా మాట్లాడే చోట కూడా హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, కొత్త కంపెనీ దొరకడానికైనా వేరే వీసాకి మారడానికైనా ఇచ్చే గడువు మామూలుగా గరిష్ఠంగా 60 రోజులు. పిల్లల బడి మధ్యలో ఉంటుంది, ఇంటి అద్దె ఒప్పందం నడుస్తుంటుంది. వీసా ఒకరి చేతిలో ఉంటే నోరు ఎందుకు లేవదో అబ్బాకి ఆ కొడుకు చెప్పక్కర్లేదు. ఇద్దరికీ ఒకే భాషలో అర్థమయ్యే విషయం బహుశా ఇదొక్కటే. అయినా ఈ మాట ఇద్దరూ మాట్లాడుకోరు.

దాదీకి అర్థమైన యాప్

డెలివరీ యాప్ మీద బండి నడిపే మనవడి పని అబ్బాకి మింగుడు పడదు. "ఇది ఉద్యోగమా, కూలీయా?" అంటాడు. దాదీ మాత్రం రెండు ప్రశ్నలడిగి విషయం పట్టేస్తుంది. ఒక్కో దానికి ఎంతిస్తారు? పెట్రోలు ఎవరిది? నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టిన ఆడవాళ్లకు ఈ పని కొత్తది కాదు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలీ. ఆకు తక్కువపడితే సొంత డబ్బుతో కొనాలి. కంపెనీ మనిషి బాగా లేవని కొన్ని కట్టలు పక్కకి తీసేస్తే వాటికి కూలీ లేదు. జ్వరమొస్తే ఆ రోజు ఆదాయం సున్నా. యాప్‌లోనూ అంతే. బండి సొంతం, పెట్రోలు సొంతం, కస్టమర్ రేటింగ్ తగ్గితే ఆర్డర్లు తగ్గుతాయి, ఐడీ బ్లాక్ అయితే ఆ పూటతో సరి.

తేడా ఒక్కటుంది, చిన్నది కాదు. బీడీ కమీషన్‌దారు ఇంటికి వెళ్లి దాదీ పోట్లాడగలిగింది. ఉస్తాద్ జీతం ఎగ్గొడితే మసీదు దగ్గర నలుగురిలో నిలదీసే వీలుండేది. యాప్‌కి మొహం లేదు. సలాం చెప్పడానికీ లేదు, తగాదా పడడానికీ లేదు. మనవడు "నా ఇష్టమొచ్చినప్పుడు లాగిన్ అవుతా" అని చెప్పుకునే స్వేచ్ఛ నిజమే. ఆ స్వేచ్ఛతో వారానికి ఏడు రోజులూ తిరుగుతున్నాడన్నదీ నిజమే.

బీడీ కార్మికుల కథలో పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. ఇంట్లో కూర్చుని చేసేవాళ్లు మా ఉద్యోగులు కారని కంపెనీలు వాదిస్తే, వాళ్లకూ ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. యాప్ కంపెనీలు ఇవాళ అంటున్నది కూడా అదే మాట: వీళ్లు మా ఉద్యోగులు కాదు, భాగస్వాములు. కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్ మొదటిసారి గిగ్ కార్మికుల్ని పేరుపెట్టి గుర్తించింది. కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వాళ్ల సంక్షేమ నిధికి కట్టాలని చెప్పింది. పీఎఫ్ ఇచ్చినంత హక్కు ఇందులో లేదు. కానీ బీడీ వాళ్లకి కూడా అన్నీ ఒక్కరోజులో రాలేదు.

ఈ దాదీ ముప్పై ఏళ్లు చేసిన పనిని ఇంట్లో ఎవరూ 'ఉద్యోగం' అనలేదు. వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక చేసే 'కాస్త పని' అన్నారు. జర్దోజీ, గాజులకు రాళ్లు అతికించడం, బ్లౌజులు కుట్టడం అన్నీ అంతే. అదే ఇంట్లో మనవరాలు బ్యాంకులోనో ఐటీలోనో చేరతానంటే మాత్రం "మన ఇళ్లల్లో ఆడవాళ్లు పనిచేశారా?" అన్న ప్రశ్న వస్తుంది. చేశారు. గడప దాటకుండా, లెక్కలోకి రాకుండా చేశారు. ఖదీజా (రజియల్లాహు అన్హా) మక్కాలో పేరున్న వ్యాపారి. దైవప్రవక్త (స) యౌవనంలో ఆమె సరుకు తీసుకుని సిరియా వైపు వర్తకానికి వెళ్లారు. స్త్రీ సంపాదన ఆమెదేనని షరీఅత్ చెబుతుంది, భర్తకి అందులో హక్కు లేదు. నిజానికి ఇళ్లల్లో తకరారు ఈ సూత్రం మీద కాదు. రాత్రి షిఫ్టు, క్యాబు ఎన్ని గంటలకు దింపుతుంది, పెళ్లి తర్వాత అత్తవారు ఒప్పుకుంటారా, జీతం ఎవరి ఖాతాలో పడుతుంది, ఇవీ అసలు ప్రశ్నలు. వీటిని సూటిగా మాట్లాడుకోవడం కన్నా "మన పద్ధతి కాదు" అనేయడం తేలిక కాబట్టి అలా అనేస్తారు.

ఇద్దరూ దీన్ పేరు చెప్పినప్పుడు

ఈ తగాదాలో ఇరువైపులా దీన్ మాట వస్తుంది. అబ్బా సబర్, షుక్ర్ అంటాడు. కొడుకు చెమట ఆరకముందే కూలీ చెల్లించమన్న హదీసు గుర్తు చేస్తాడు. ఇద్దరికీ సరిపోయే కథ ఖుర్ఆన్‌లో సూరా ఖసస్‌లో ఉంది. మద్యన్ చేరిన మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకోమని ఆ ఇంటి అమ్మాయే తండ్రికి చెబుతుంది. బలమూ నమ్మకమూ ఉన్నవాడే పనికి తగినవాడు అన్నది ఆమె కారణం. తండ్రి తన కూతుళ్లలో ఒకరిని నికా చేసిస్తానంటూ ఎనిమిదేళ్లు పనిచేయమంటాడు, పదేళ్లు చేస్తే అది నీ ఇష్టం అంటాడు, నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదనీ చెబుతాడు. ఆ రెంటిలో ఏ గడువు పూర్తి చేసినా తన మీద ఒత్తిడి ఉండకూడదని మూసా స్పష్టంగా మాట తీసుకుంటారు. తర్వాత గడువు పూర్తి చేస్తారు.

ఎనిమిదేళ్లు ఒకేచోట ఉన్నారు కదా అని అబ్బా అనొచ్చు. గడువూ ప్రతిఫలమూ ముందే తేల్చుకున్నారు కదా అని కొడుకు అనొచ్చు. రెండూ నిజమే. ఆ ఒప్పందంలో దాచిందేమీ లేకపోవడం మాత్రం ఇద్దరికీ కాస్త ఇబ్బందికరమే.

కొడుకు వైపు చూస్తే: కంపెనీ మారడం తప్పు కాదు. నోటీసు పీరియడ్ ఒప్పుకుని సంతకం పెట్టి మధ్యలో మాయమవడం, వేరే పని చేయనని ఒప్పుకుని ఇంట్లో కూర్చుని దొంగచాటుగా రెండు కంపెనీల జీతం తీసుకోవడం, చేయని ప్రాజెక్టుని రెజ్యూమేలో రాయడం అమానత్‌లో ఖియానత్. "అందరూ చేస్తున్నారు" అన్నది జవాబు కాదు. ఈ విషయంలో పెద్దవాళ్ల పట్టుదల సరైందే.

పెద్దవాళ్ల వైపు చూస్తే: మన బజారుల్లో, మన దుకాణాల్లో, మన ఫంక్షన్ హాళ్లల్లో పనిచేసే కుర్రాళ్లకు ఏం ఇస్తున్నాం? పని నేర్పుతున్నాం కాబట్టి జీతం తక్కువ, రంజాన్‌లో రాత్రి రెండింటి దాకా దుకాణం కాబట్టి ఓవర్‌టైం లేదు, పండగ అయ్యాక గిరాకీ లేదు కాబట్టి రావద్దు. పూర్తిగా పని చేయించుకుని కూలీ ఇవ్వని మనిషికి ప్రళయదినాన అల్లాహ్ తానే ప్రత్యర్థిగా నిలుస్తాడని బుఖారీలోని హదీసు హెచ్చరిస్తుంది. నిలకడ లేదని పిల్లల్ని తిట్టే సేఠ్ తన దగ్గరున్న కుర్రాడికి నిలకడగా ఉండే కారణం ఏమిచ్చాడో చూసుకోవాలి.

లెక్క దగ్గరికొస్తే

అబ్బా కోపం వెనక ఒక భయం ఉంది. గల్ఫ్ నుంచి యాభై అయిదేళ్లకు తిరిగొచ్చినవాడికి సర్వీసు డబ్బు ఒకసారి చేతికొస్తుంది, అంతే. నెలనెలా పింఛను లేదు. కూతుళ్ల నికాలు, ఇంటి పని, ఒక ఆపరేషన్ అయ్యేసరికి అదీ అయిపోతుంది. "ఒకచోట ఉండు" అన్నప్పుడు ఆయన ముసలితనం గురించి మాట్లాడుతున్నాడు. ఇరవై ఆరేళ్ల కొడుకు వచ్చే నెల జీతం గురించి వింటున్నాడు.

ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ పనికొచ్చే దారి ఇప్పటికే ఉంది. కంపెనీ ఎన్నిసార్లు మారినా పీఎఫ్ ఖాతాకి యూఏఎన్ నంబరు ఒకటే. మారినప్పుడల్లా పాత పీఎఫ్‌ను కొత్త కంపెనీ ఖాతాకి బదిలీ చేయించుకుంటే సర్వీసు కలిసిపోతుంది. ఉద్యోగి పింఛను పథకంలో ఉన్నవాళ్లకు అలా పదేళ్లు నిండితే 58 ఏళ్లకు నెలవారీ పింఛనుకు అర్హత వస్తుంది. బండి కొనడానికనో, పెళ్లికనో ప్రతిసారీ డబ్బు మొత్తం తీసేసుకుంటే ఆ ఏళ్లు తెగిపోతాయి. ఐదేళ్లు నిండకముందే తీస్తే పన్ను కూడా పడొచ్చు. మూడేళ్లలో మూడు కంపెనీలు మారినవాడికీ ఒక చోటే ఉన్నంత సర్వీసు ఉండే వీలుంది. ఆ బదిలీ పెట్టాడా లేదా అన్నది ఫోన్లో చూస్తే తెలిసిపోతుంది.